వాట్సాప్ గ్రూపులు, లింక్డిన్, సీనియర్లు: నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఉద్యోగం ఎటునుంచి వస్తుంది

నల్లగొండల డిగ్రీనో ఐటీఐనో అయిపోయి ఇంటికాడ ఉన్న పిల్లగాని ఫోన్ తీసి చూస్తే టెలిగ్రామ్‌ల నాలుగైదు జాబ్ ఛానెళ్లు, వాట్సాప్‌ల రెండు మూడు గ్రూపులు, యూట్యూబ్ తెరిస్తే "భారీ నోటిఫికేషన్, పరీక్ష లేదు, ఫీజు లేదు" అని ఎర్రక్షరాల థంబ్‌నెయిళ్లు కనపడ్తయి. అయినా ఆర్నెల్లైనా ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాదు. పోస్టులకేం తక్కువ లేదు, రోజూ కుప్పలు కుప్పలుగ వస్తయి, కానీ ఆ పోస్టు ఈయనకు వచ్చినట్టే రాష్ట్రంల ఉన్న మిగతా నిరుద్యోగులందరికీ వచ్చింది, టెలిగ్రామ్‌ల ఒక్క గ్రూపులనే 2 లక్షల మంది దాకా పడ్తరు, ఛానెల్‌కైతే లెక్కనే లేదు. అందరికీ ఒక్కసారే తెలిసిన ముచ్చటతోని ఎవరికీ ప్రత్యేకంగా లాభం ఉండదు.

మనదగ్గర సోషల్ మీడియాల ఉద్యోగం వెతుకుడంటే వచ్చిన పోస్టులు చూసుడు, లింక్ నొక్కుడు, రెజ్యూమె పడేసి కూసునుడు, ఇంతే నడుస్తున్నది. అసలు పనికొచ్చేవి రెండు పక్కకు పోతున్నయి. ఒకటి మనం ఏం చదివినం, ఏం పని వచ్చు అనేది వెతికేటోళ్ల కంట్ల పడేటట్టు పెట్టుకునుడు. రెండోది కంపెనీ లోపల పనిచేసే మనిషిని కనుక్కొని అడుగుడు. ఈ రెండో దాన్ని గురించే ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే మనోళ్లు మొహమాటపడి వదిలేసేది దీన్నే.

ముందు ఈ దిక్కు పని ఎక్కడున్నదో చూద్దాం, ఏ యాప్ పనికొస్తదనేది దాన్ని బట్టే ఉంటది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండలి) ఫార్మా, అంటే మందుల కంపెనీలున్నయి, 44వ నంబర్ హైవే మీద ఇంకింత పైకి పోతే షాద్‌నగర్, కొత్తూరు ఫ్యాక్టరీలు, ఇటు 65వ నంబర్ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల చుట్టుపక్కల కెమికల్, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు సిమెంట్, మిర్యాలగూడల రైస్ మిల్లులు, దామరచర్ల కాడ 800 మెగావాట్ల యూనిట్లు ఐదు కలిపి 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023ల శంకుస్థాపన అయింది, పెట్టుబడి 9,500 కోట్లని ప్రకటించిన్రు. అదే ఏడు అక్కడ ఐటీ టవర్, నల్లగొండల ఐటీ హబ్ కూడా ఓపెన్ చేసిన్రు. బీబీనగర్‌ల ఎయిమ్స్ ఉన్నది. ఇవి దాటితే హైదరాబాదే, నల్లగొండోళ్లు ఎల్బీనగర్‌ల, పాలమూరోళ్లు ఆరాంఘర్‌ల బస్సు దిగాల్సిందే.

ఇందులో ఫార్మా సంగతి ఒక్కటి వివరంగా చూస్తే మిగతావి కూడా అర్థమైతయి. ప్లాంట్‌ల క్యూసీకి (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) మనుషులు కావాలనుకుంటే హెచ్ఆర్‌ల, అంటే మనుషులను పనిల పెట్టుకునే విభాగంల పనిచేసే మనిషి ఉద్యోగ పరిచయాల సైట్ లింక్డిన్‌ల ఒక పోస్ట్ పెడ్తడు, ఎమ్మెస్సీ అనలిటికల్ లేదా ఆర్గానిక్ కెమిస్ట్రీ, లేదా బీఫార్మసీ, హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ మెషీన్ మీద రెండు మూడేండ్లు పనిచేసి ఉండాలె, ఆదివారం పొద్దున వాక్-ఇన్ (నేరుగ పోయి ఇచ్చే ఇంటర్వ్యూ), ఫలానా అడ్రస్ అని. గంట రెండు గంటల్లనే టెలిగ్రామ్ ఫార్మా ఛానెళ్లు దాన్ని ఎత్తుకుంటయి. అందులోంచి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌ల పెడ్తరు, అప్పటికే పైనున్న తేదీ కట్ అయితది, హెచ్ఆర్ పేరు పోతది, ఛానెలోళ్ల లోగో ఒకటి వచ్చి మీద పడ్తది. రెండు రోజులైనంక ఎవరో ఒకరు "ఫ్రెషర్లు కూడా పోవచ్చు" అని కింద ఒక లైను తగిలిస్తరు, ఎందుకు తగిలిస్తరో వాళ్లకే తెల్వాలె. చివరికి నాగర్‌కర్నూల్‌ల బీఎస్సీ అయిపోయిన పిల్ల సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని రెండు బస్సులు మారి గేటు కాడికి పోతే ఆ వాక్-ఇన్ పోయిన నెలనే అయిపోయిందని సెక్యూరిటీ ఆయన చెప్తడు.

అందుకే స్క్రీన్‌షాట్‌ను నమ్మి బస్సు ఎక్కొద్దు, అది ఎక్కడ పుట్టిందో వెనక్కి పోయి చూడాలె. కంపెనీ పేరు, ఊరు పేరు కలిపి లింక్డిన్‌ల వెతికి, పోస్టులు అనేదాన్ని నొక్కి, కొత్తవి ముందు వచ్చేటట్టు పెట్టుకుంటే అసలు పోస్టు ఉంటే దొరుకుతది, పెట్టిన మనిషి నిజంగా ఆ కంపెనీలనే ఉన్నడా, ఎన్నేండ్ల నుంచి ఉన్నడు అనేది ప్రొఫైల్ చెప్తది. కంపెనీ సైటుల కెరీర్స్ పేజీ కూడా ఒకసారి చూడాలె. వాట్సాప్‌ల మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉన్నదంటే అది ఇప్పటికే ఐదు చేతులు దాటి వచ్చిందని అర్థం, అందులో తేదీ లేకుంటే పక్కకు పెట్టుడే. ఇదంతా చేస్తే పట్టేది పది నిమిషాలు, బస్సు కిరాయి కంటే నయమే.

ఇప్పుడు మనుషుల ముచ్చట. 1973ల మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజీ ఆయన ఒక పేపర్ రాసిండు, బోస్టన్ దగ్గర ఉద్యోగం మారినోళ్లను అడిగితే, తెలిసినోళ్ల ద్వారా పని దొరికిన వాళ్లల్ల 16.7 శాతం మందే వారానికి రెండుసార్లన్న కలిసేటోళ్ల ద్వారా వచ్చిందన్నరు, మిగతా వాళ్లకు అప్పుడప్పుడు కలిసేటోళ్లు, ఎప్పుడో ఒకసారి కనపడేటోళ్లు చెప్పిన్రట. ఆలోచిస్తే విడ్డూరమేం లేదు. మన పక్కనున్న దోస్తుకు తెలిసింది మనకు కూడా ముందే తెలుసు, ఇద్దరం ఒకటే గ్రూపుల ఉన్నం, ఒకటే హోటల్‌ల చాయ్ తాగుతున్నం. మనకు తెల్వని సంగతి తెలిసేది కొంచెం దూరంల ఉన్న మనిషికే. 2022ల లింక్డిన్‌ల 2 కోట్ల మంది మీద ఐదేండ్లు పరిశీలించి సైన్స్ పత్రికల ఒక అధ్యయనం వచ్చింది, అందులో కూడా ఇదే తేలింది, కాకపోతే మరీ దూరపోళ్లు గాకుండా మధ్య రకం పరిచయాలు ఎక్కువ పనికొచ్చినయట. అదే అధ్యయనంల ఇంకో మాట ఉన్నది, మన జిల్లాలకు అదే ముఖ్యం: కంప్యూటర్, ఆన్‌లైన్ పనులు ఎక్కువున్న రంగాల్లనే దూరపు పరిచయాలకు బలం, అవి తక్కువున్న రంగాల్ల దగ్గరోళ్లే అక్కరకొస్తరు.

దీన్ని మనదగ్గరికి తెచ్చి చూస్తే లెక్క బాగానే కుదురుతది. సిమెంట్ ఫ్యాక్టరీలనో పవర్ ప్లాంట్‌లనో కాంట్రాక్టర్ కింద ఫిట్టర్ పని కావాలంటే లింక్డిన్‌ల ఎంత తిరిగినా దండగే, అక్కడ సూపర్‌వైజర్ ఫోన్‌ల ఉన్న వాట్సాప్ గ్రూపే ఆఫీసు, ఆ గ్రూపుల పడాలంటే మేనబావనో ఊరి అన్ననో మాట చెప్పాలె. సాఫ్ట్‌వేర్, ఫార్మా ల్యాబ్, బ్యాంక్ బ్యాక్ ఆఫీస్, హాస్పిటల్ బిల్లింగ్ లాంటి వాటికి మాత్రం బాపు దోస్తులు, బావలు ఏం చెయ్యలేరు, కాలేజీల మూడేండ్లు ముందు చదివి ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న సీనియరే దారి. ఇంట్ల వాళ్లేమో ఈ తేడా చూడకుండా "ఫోన్ పట్టుకొని కూసుంటే ఉద్యోగం వస్తదా" అని అందరినీ ఒకటే తిట్టు తిడ్తరు.

ఆ సీనియర్‌ను పట్టుకునుడు ఇప్పుడు కష్టం కాదు. లింక్డిన్‌ల కాలేజీ పేజీ తెరిస్తే అక్కడ చదివినోళ్ల జాబితా అని వేరేగ ఉంటది, అందులో ఏ కంపెనీ, ఏ ఊరు అని జల్లెడ పట్టొచ్చు. నల్లగొండ ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ, మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ, ఏదైనా సరే, అక్కడ చదివి హైదరాబాద్, బెంగళూరు, జడ్చర్లల పనిచేసేటోళ్లు కొంతమందన్న కనపడ్తరు. ఒక చిక్కున్నది, కాలేజీ పేరు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తోని రాసుకుంటరు, కొందరు కాలేజీ పేరు వదిలేసి యూనివర్సిటీ పేరే పెడ్తరు, పాత బ్యాచులోళ్లు ఉస్మానియా అని పెడ్తరు, ఎందుకంటే మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చింది 2007ల, పాలమూరు యూనివర్సిటీ 2008ల, అంతకుముందు ఈ డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. కాబట్టి ఒక్క పేరుతోని వెతికి ఎవరూ లేరని వదిలెయ్యొద్దు.

దొరికినంక ఏం రాయాలె అనే కాడ చాలామంది చెడగొట్టుకుంటరు. "సార్ ఏదన్న జాబ్ ఉంటే చెప్పండి ప్లీజ్" అని రాస్తే చదివినాయనకు ఏం చెయ్యాల్నో తెల్వది, ఏం చదివినవో తెల్వది, పక్కకు పెడ్తడు. దానికంటే "అన్నా నమస్తే, నేను మన కాలేజీలనే పోయినేడు బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయిన. మీ యూనిట్‌ల క్యూసీకి ఫ్రెషర్లను తీసుకుంటరా, తీసుకుంటే ఏ నెలల తీసుకుంటరో ఒక్క మాట చెప్తరా" అని అడిగితే జవాబు చెప్పుడు అల్కగ ఉంటది, అవును కాదు అనో, మార్చి అయినంక రమ్మనో అంటడు. మొదటి మెసేజ్‌లనే రెఫర్ చెయ్యమని, అంటే కంపెనీల మన పేరు చెప్పమని అడుగుడు అంత బాగుండదు. లింక్డిన్ ఫ్రీ అకౌంట్‌ల నోట్ రాసి పంపే పరిచయం రిక్వెస్టులు నెలకు కొన్నే ఇస్తరు గనుక వాటిని ఆగం చేసుకోకుండా ఎవరికి రాయాల్నో ముందు చూసుకోవాలె. జవాబు రాకుంటే వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచెయ్యొచ్చు, మూడోసారి మాత్రం వద్దు.

రెఫరల్ అంటే అడుక్కునుడు అని మన పిల్లలు మస్తు సిగ్గుపడ్తరు, ముఖ్యంగా ఊర్ల నుంచి వచ్చినోళ్లు. నిజానికి చాలా కంపెనీల్ల రెఫర్ చేసిన మనిషి చేరి కొన్ని నెలలు ఉంటే రెఫర్ చేసిన ఉద్యోగికి కంపెనీయే పైసలిస్తది. అంటే ఆ అన్నకు కూడా అందులో లాభమున్నది. రెఫర్ చేసినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు, వందల రెజ్యూమెల్ల మనది ఒకరి కంటికి ఆనుతది, అంతవరకే.

ప్రొఫైల్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పేరు కింద ఉండే లైనుల "ఉద్యోగం కోసం చూస్తున్న" అని రాసేకంటే ఏం చదివినం, ఏ మెషీన్ మీద, ఏ సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి తిరిగింది అనేది రాయాలె, రిక్రూటర్ వెతికేది ఆ మాటలతోనే. ఓపెన్ టు వర్క్ (పని కోసం చూస్తున్నమని చెప్పే గుర్తు) అనేది రిక్రూటర్లకు మాత్రమే కనపడేటట్టు పెట్టుకునే వీలున్నది, ఇప్పటికే ఎక్కడన్న చేస్తున్నోళ్లు అది పెట్టుకోవాలె, అయినా సొంత కంపెనీలోళ్లకు తెల్వదని లింక్డిన్ కూడా గ్యారంటీ ఇయ్యదు. ఊరు పేరు కాడ అందరూ హైదరాబాద్ అని పెడ్తరు, ప్లాంట్ ఉద్యోగం వెతికేటోళ్లు మాత్రం జడ్చర్లనో చౌటుప్పలో పెట్టుకుంటేనే మంచిదనిపిస్తది, నైట్ షిఫ్ట్‌కు వచ్చి అక్కడనే ఉండే మనిషి దొరుకుతడా అని చూసే హెచ్ఆర్‌కు అది కలిసొస్తది.

చేతిపని తెలిసినోళ్లకు ఈ లింక్డిన్ గోల ఎందుకు. వెల్డర్, ఏసీ మెకానిక్, టైల్స్ వేసేటాయన, జేసీబీ ఆపరేటర్, వీళ్లకు రెజ్యూమె అంటే చేసిన పనే. చేస్తున్నప్పుడు తీసిన అర నిమిషం వీడియో వాట్సాప్ స్టేటస్‌ల, ఇన్‌స్టాగ్రామ్ రీల్‌ల పెట్టి కింద ఊరు పేరు రాస్తే మండలం లోపలనే పని వస్తది. గేటు చేసే ఒకాయన డిజైన్లు రోజూ స్టేటస్‌ల పెట్టుకుంటే ఇల్లు కట్టేటోళ్లు అది చూసే ఫోన్ చేస్తరు, పేపర్ల యాడ్ ఇచ్చినా అంత గిరాకీ రాదు. ఐటీఐ పిల్లలు అప్రెంటిస్‌షిప్ కోసం గ్రూపుల మీద ఆధారపడకుండా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌ల నేరుగ పేరు నమోదు చేసుకుంటే అసలు ఖాళీలు అక్కడనే కనపడ్తయి.

ఇంక మోసాలు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరికే, డ్యాములు, కాల్వలు, రోడ్లు కట్టనీకి ఊర్లకు ఊర్లే పోయినయి, వాళ్లను తోల్కపోయేది గుంపు మేస్త్రి. ఆయన ముందుగాల అడ్వాన్స్ ఇచ్చి తర్వాత పీక్కుతినేటోడే గానీ ఒక్క సంగతున్నది, ఆయన ఊరోడే, ఇల్లు ఎక్కడో తెలుసు, మనిషి తిరిగిరాకుంటే పోయి వాకిట్ల కూసొని అడిగేటోళ్లు. ఇప్పుడు జాబ్ గ్రూప్ అడ్మిన్ కూడా మేస్త్రి పనే చేస్తున్నడు, మనుషులను జమ చేస్తడు, కన్సల్టెన్సీకి అప్పజెప్తడు, తలకింత తీసుకుంటడు. అయితే ఆయన ఇల్లు ఎవరికీ తెల్వది, పేరు కూడా అసలుదో కాదో. రిజిస్ట్రేషన్‌కు 500, యూనిఫాంకు 1,500, ఐడీ కార్డుకు ఇంత, ట్రైనింగ్‌కు ఇంత అని చిన్నచిన్నగ గుంజుతరు, చిన్న మొత్తాలు గనుక పోయినోళ్లు స్టేషన్‌కు పోరు, అదే వాళ్ల ధైర్యం. చేరకముందే అభ్యర్థి దగ్గర పైసలడిగినోడు ఏ పేరు చెప్పినా నంబర్ బ్లాక్ చేసుడే.

పార్ట్‌టైమ్ టాస్కుల మోసం ఇంకా తెలివిది. వీడియోలకు లైక్ కొట్టమంటరు, హోటళ్లకు రేటింగ్ ఇయ్యమంటరు, మొదట నిజంగనే 150, 200 అకౌంట్ల పడ్తయి, నమ్మకం కుదిరినంక టెలిగ్రామ్ గ్రూపుల వేసి 1,000 కడితే 1,300 వస్తయంటరు, అవి కూడా ఒకసారి ఇస్తరు. తర్వాత పెద్ద టాస్క్, స్క్రీన్ మీద లక్షలు కనపడ్తయి గానీ తీసుకుందామంటే ట్యాక్స్ కట్టు, ఇంకో టాస్క్ పూర్తి చెయ్యి అని మళ్లా గుంజుతరు. గ్రూపుల "నాకు వచ్చినయి, నాకు వచ్చినయి" అని స్క్రీన్‌షాట్లు పెట్టేటోళ్లు కూడా వాళ్ల మనుషులే. పైసలు పోయినయని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె, ఎంత జల్ది చేస్తే అకౌంట్‌ల ఆపే వీలు అంత ఎక్కువ. ఇంకో రకం ఉన్నది, "నీ బ్యాంక్ అకౌంట్ వాడుకుంటం, నెలకు ఇంత ఇస్తం" అని. అది ఉద్యోగం కాదు, దొంగ పైసలు మన అకౌంట్‌కెళ్లి పోతయి, పోలీసులు ముందు వచ్చేది మన ఇంటికే.

విదేశాలది ఇంకా జాగ్రత్తగ చూడాలె. డేటా ఎంట్రీ, కంప్యూటర్ జాబ్ అని చెప్పి టూరిస్ట్ వీసా మీద తోల్కపోతే కాంబోడియాల, మయన్మార్‌ల సైబర్ నేరాలు చేయించే కాంపౌండ్లల్ల ఇరుక్కున్నోళ్లల్ల తెలంగాణోళ్లు, ఆంధ్రోళ్లు ఉన్నరని 2024ల అందరికీ తెలిసింది. విదేశాలకు పనికి పోయేటోళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈమైగ్రేట్ పోర్టల్‌ల రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోదగిన సర్వీస్ ఛార్జి 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగినోడు, టూరిస్ట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందామన్నోడు ఎంత దగ్గరోడైనా వద్దు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థనే టామ్‌కామ్ అని ఉన్నది, నర్సులు, డ్రైవర్లు, టెక్నీషియన్లు ముందు అక్కడ కనుక్కోవచ్చు.

ఆడపిల్లల విషయంల ఒకటి తప్పకుండా చెప్పాలె. రెజ్యూమె పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల వేస్తే 1,024 మంది దాకా ఉండే గ్రూపుల అందరి చేతికి ఫోన్ నంబర్, తండ్రి పేరు, ఇంటి నంబర్, పుట్టిన తేదీ, ఫొటో పోయినట్టే. తెల్లారి నుంచి హలో మెసేజులు మొదలైతయి, అది ఇంట్ల తెలిస్తే ఫోన్ గుంజుకునుడు, ఉద్యోగమే వద్దనుడు, ఇట్ల ఎంతమందికి అయిందో లెక్క లేదు. గ్రూపుల వేసే రెజ్యూమెల పేరు, చదువు, ఒక మెయిల్ ఐడీ చాలు, ఆధార్ నంబర్ అయితే ఏ రెజ్యూమెలనూ పెట్టే పనే లేదు. ఉద్యోగం కోసమే వేరే మెయిల్, కుదిరితే వేరే సిమ్ పెట్టుకుంటే సగం తలనొప్పి పోతది. వాట్సాప్ ఛానెల్ అయితే ఫాలో అయినోళ్ల నంబర్ మిగతావాళ్లకు కనపడదు, సమాచారం కోసం గ్రూపుల కంటే అదే నయం.

సర్కారు ఉద్యోగాలకు సోషల్ మీడియా ఇంత వరకే: నోటిఫికేషన్ తెలుసుకునుడు, మెటీరియల్ దొరకబట్టుకునుడు. 2023 మార్చిల రాష్ట్ర సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్సీ) పేపర్ లీకేజీ బయటపడ్డప్పటి నుంచి, 503 పోస్టుల గ్రూప్-1 రద్దయి 2024 ఫిబ్రవరిల 563 పోస్టులతోని మళ్లా నోటిఫికేషన్ వచ్చేదాకా పిల్లలకు నిద్ర లేకుండా చేసినవి సగం ఈ ఛానెళ్లే, రోజుకో తేదీ, రోజుకో కటాఫ్. వాళ్లకు వ్యూస్ కావాలె, మనకేమో ఏదన్న ఒకటి వినాలని ఆత్రం. చివర్ల జీఓవీ డాట్ ఇన్ ఉన్న సైటుల కనపడేదాకా ఏ పీడీఎఫ్‌నూ నమ్మొద్దు, లోగోలు, సంతకాలు అతికించుడు ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా వచ్చు. ప్రైవేటుకైతే ఉద్యోగాలు చూపే డీట్, నైపుణ్యాలు నేర్పే టాస్క్ లాంటి సర్కారు వేదికలున్నయి, ఒకసారి పేరు రాయించుకుంటే పోయేదేం లేదు, అదొక్కటే నమ్ముకొని కూసునుడు మాత్రం వద్దు.

లోపలి మనిషి పరిచయం అసలు అక్కరకొచ్చేది ఆఫర్ వచ్చినంకనే. ఏ పోస్టులనూ రాయని సంగతులు కొన్ని ఉంటయి. కంపెనీ రోలా, కాంట్రాక్టర్ రోలా, అంటే మనం ఎవరి ఉద్యోగి లెక్క? చెప్పిన జీతంల పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికెంత? బస్సు మన స్టేజీ దాకా వస్తదా, హైవే మీదనే దించి పోతదా? నైట్ షిఫ్టులు నెలకెన్ని, క్యాంటీన్ పైసలు జీతంల కట్ చేస్తరా, ఇంత కాలం మానెయ్యమని రాయించుకునే బాండ్ ఉంటదా, మధ్యల మానేస్తే ఏమడుగుతరు? ఇవన్నీ హెచ్ఆర్‌ను అడిగితే ఒక రకంగ చెప్తడు, అదే లైనుల రెండేండ్ల నుంచి చేస్తున్న ఊరి అన్ననో అక్కనో అడిగితే ఇంకో రకంగ చెప్తరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటరా అనేది కూడా వాళ్లనే ముందు కనుక్కోవాలె, పెట్టుకుంటరని తెలిస్తే చేరే రోజు వెరిఫికేషన్‌కు చూపించి అక్కడనే వెనక్కి తీసుకొని జిరాక్స్‌లే ఇచ్చి రావాలె, ఎందుకంటే రేపు ఇంకో కంపెనీల ఇంటర్వ్యూ పడితే వాళ్లు మొదట అడిగేది ఆ ఒరిజినల్సే.